గుమ్మం మీద ఉప్పు

ఈమధ్య ఒక పత్రిక సంపాదకుడితో ఫోన్లో గొంతు చించుకున్నాను. ఈ వయసులో అలా అరిస్తే బీపీ పెరుగుతుందని మా ఆయన గొణిగాడు. ఇంకాస్త గట్టిగా అరవాల్సిందని నాకు ఇప్పటికీ అనిపిస్తోంది.

పోర్టు గేటుకు దగ్గరలో, ఓడల మీద వచ్చే విదేశీ నావికుల కోసం మా చర్చివాళ్లు నడిపే చదువుకునే గది ఒకటుంది. కాలేజీలో ఇంగ్లిష్ చెప్పి రిటైరయ్యాక వారానికి మూడు రోజులు అక్కడ కూర్చుంటున్నాను. పోయినేడు వానాకాలంలో ఇంజను పాడై ఒక ఓడ చాలా వారాలు ఇక్కడే ఉండిపోయింది. అందులో వంటవాడు ఫిలిప్పీన్స్ మనిషి, నలభై దాటినవాడు. మిగతావాళ్లు వైఫై దొరకగానే ఫోన్లలో మునిగిపోతే, అతను మూల బల్ల దగ్గర నోటుబుక్కులో రాసుకునేవాడు. ఒకరోజు టీ ఇస్తూ ఏం రాస్తున్నారని అడిగాను.

"కథ," అన్నాడు. "సగం మా అమ్మమ్మ చెప్పింది, సగం నేను కల్పించింది. ఏ సగం ఏదో ఇప్పుడు నాకే తెలీదు."

ఓడ బయల్దేరే ముందు ఇంగ్లిష్‌లో రాసిన ఆ నోటుబుక్కు జిరాక్సు తెచ్చిచ్చి, నచ్చితే మీ భాషలో రాసుకోండన్నాడు.

జపాన్ సైన్యం వాళ్ల దీవిని ఆక్రమించిన రోజుల కథ అది. సైనికులు ఇళ్లల్లో దూరి ఆడపిల్లల్ని ఎత్తుకుపోతున్నారు. ఒక వితంతువుకి ఇద్దరు కూతుళ్లు. ఆ దీవుల్లో జనం హడలిపోయే దయ్యం ఒకటుంది. చూడ్డానికి మామూలు ఆడమనిషే, కానీ నడుము దగ్గర విడిపోయి పై సగం రెక్కలతో ఎగిరిపోతుంది. కింది సగం చెట్ల చాటున నిలబడి ఉంటుంది. దాని మీద ఉప్పు చల్లితే మళ్లీ అతుక్కోలేక చచ్చిపోతుందని నమ్మకం. ఆ తల్లి తన పాత పావడాలో గడ్డి కుక్కి, కోడి నెత్తురు పోసి, పెరట్లో అరటిచెట్ల మధ్య నిలబెట్టింది. "నేనే ఆ దయ్యాన్నని ఊరంతా చెప్పండి" అని ఇరుగుపొరుగు ఆడవాళ్లను బతిమాలింది. వాళ్లు చెప్పారు. సైన్యానికి దారి చూపించే ఊరివాడొకడు సందెవేళ ఆ పావడా చూసి పరుగెత్తాడు. మళ్లీ ఆ ఇంటివైపు ఎవరినీ తీసుకురాలేదు. నేలపలకల కింద దాక్కున్న ఆమె కూతుళ్లూ, పొరుగిళ్ల ఆడపిల్లలు నలుగురూ బతికారు.

యుద్ధం అయిపోయింది, సైన్యం పోయింది, పుకారు మాత్రం పోలేదు. ఊళ్లో పసిబిడ్డ జ్వరంతో చనిపోతే ఆమె పేరే చెప్పారు. తెల్లారి తలుపు తీస్తే గుమ్మం మీద ఉప్పు ఉండేది. చల్లినవాళ్లలో, తమ పిల్లల్ని ఆమె ఇంట్లో దాచుకున్న తల్లులు కూడా ఉన్నారు. ఆమె చనిపోతే సమాధుల తోట గోడకు బయట పాతిపెట్టారు. ఆమె చిన్నకూతురే వంటవాడి అమ్మమ్మ.

తెలుగు చేసేటప్పుడు ఆ ఉప్పు చల్లే పేరా నాలుగుసార్లు రాశాను. ప్రతిసారీ మూలంలో లేని తిట్లు నా చేతిలోంచి వచ్చిపడేవి. కొట్టేసి మళ్లీ రాశాను. పూర్తయ్యాక పత్రికకు పంపితే సంపాదకుడు ఫోన్ చేశాడు.

"కథ అద్భుతం మేడమ్. ముగింపు ఒక్కటే మరీ చేదుగా ఉంది. యుద్ధమయ్యాక ఊరంతా వచ్చి ఆవిడకు దణ్ణం పెట్టినట్టు మార్చేద్దాం."

"ఊరు దణ్ణం పెట్టలేదండీ."

"కథే కదా మేడమ్. ఎక్కడో ఫిలిప్పీన్స్. ఎవరొచ్చి అడుగుతారు?"

నేనడుగుతానని అరిచాను. ఇంకా చాలా అన్నాను. వంటవాడికి మెసేజ్ పెడితే రెండు రోజుల తర్వాత ఏదో రేవు నుంచి జవాబొచ్చింది: "మార్చవద్దు. అమ్మమ్మ ఈ కథ మమ్మల్ని నిద్రపుచ్చడానికి చెప్పలేదు. మాకు కోపం రావాలని చెప్పింది."

పత్రిక నుంచి కథ వెనక్కి తీసుకున్నాను. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక జాలరిపేటలో ప్రార్థన హాల్లో చదివాను. ఆడవాళ్లే ఎక్కువమంది కూర్చున్నారు. చదవడం అయ్యాక సంఘపెద్ద ఒకాయన లేచాడు.

"అంతా బాగానే ఉందమ్మా. కానీ నిప్పు లేందే పొగొత్తాదేటి? ఆవిడికాడ ఏదో ఉండే ఉంటాది."

ఇంత విన్నాక కూడా ఇదేనా. నేను నోరు తెరిచేలోపే, గోడవారగా కూర్చున్న చేపలమ్మే ముసలావిడ మాట్లాడింది.

"మా సిన్నత్తనీ ఇలాగే అన్నారు. రెండు తెప్పలు తిరిగి రాకపోతే సిల్లంగి ఎట్టిందన్నారు."

చిల్లంగి అంటే మా వైపు చేతబడి. అది చేస్తారని అనుమానమొస్తే మంత్రం పలకలేకుండా పళ్లు రాలగొట్టేవారు.

"పేటలో పురుళ్లన్నీ ఆవిడే పోసీది," అంది ముసలావిడ. "నువ్వు ఆవిడి సేతుల్లోనే పుట్టావు. ఆవిడి పళ్లు రాలగొట్టినోళ్లలో మీ అయ్య ఉన్నాడు. నాను సూసాను."

"అయన్నీ పాత మాటలు," అన్నాడాయన.

"పాతయేటి? ఆవిడికి పళ్లు మళ్లీ మొలిసినాయా?"

ఆయన చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. ఆ వీపు చూస్తుంటే వెంటపడి ఆపాలనిపించింది. ఆపి ఏమనాలో తెలియక అక్కడే నిలబడిపోయాను.

కథను కంచరపాలెంలో ఒక జిరాక్సు షాపులో చిన్న పుస్తకంగా కుట్టించాను, ముగింపులో ఒక్క ముక్క మార్చకుండా. ఇక హాలు ఇచ్చేది లేదని సంఘం నుంచి కబురొచ్చింది. దయ్యాల కథలు ప్రార్థన చేసేచోట చదవకూడదట. పళ్లు రాలగొట్టినవాళ్లు అక్కడే మోకరించవచ్చు గానీ.

తర్వాతి ఆదివారం ఒడ్డున, పడవల నీడలో గోనెసంచులు పరుచుకుని కూర్చున్నాం. ముసలావిడ తన చిన్నత్త సంగతి మొదటినుంచీ చెప్పింది, నేను రాసుకున్నాను. సంఘపెద్ద రాలేదు. ఆయన భార్య వచ్చింది. అందరికంటే వెనక కూర్చుని, తల ఎత్తకుండా చివరిదాకా విని, లేచి వెళ్లింది.