మోరి పూడిన మూడు రోజులు

వాన అంటే అందరికీ ఇష్టమట. కిటికీ పక్కన కూర్చుని వేడి మిర్చి బజ్జీలు తింటూ చూసేవాళ్లకు ఇష్టంగానే ఉంటుంది మరి! నాకు మాత్రం ముసురు పట్టిందంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. దానికి కారణం ఉంది. ఇన్నేళ్లయినా ఆ కారణం తలుచుకుంటే పళ్లు కొరుక్కుంటాను.

నేను మెదక్‌కు కోడలిగా వచ్చినప్పుడు నా వెంట ఇత్తడి బిందె ఒకటి, చీరల మూట ఒకటి, తడి గోనెపట్టాలో చుట్టిన మూరెడు తమలపాకు తీగ ఒకటి వచ్చాయి. మా ఊరు రేగోడ్ దగ్గర పల్లె. అక్కడ బావి గట్టున అవిసె చెట్టుకు మా అమ్మ పాకించిన తీగ అది. బండి ఎక్కేముందు అమ్మ నా చేతిలో పెట్టి, "మూడు కణుపులు మట్టిల వెట్టు, రెండు పైకుంచు. దానికి తడి గావాలె గనీ నీళ్లు నిలవొద్దు బిడ్డా. మొదట్ల నీళ్లు నిలిస్తే మూడు రోజులల్ల పోతది" అంది. ఆ మరుసటేడే అమ్మ పోయింది. అన్న ఆ బావి పూడ్చి ఇల్లు పెంచాడు. అవిసె చెట్టూ పోయింది, తీగా పోయింది. అమ్మ చేతి తీగ ఇక లోకంలో మా ఇంట్లో ఉన్నదొక్కటే.

మా ఇంటి వెనక చిన్న దొడ్డి ఉండేది. అందులో బావి, స్నానాల బండ, ఆ పక్కనే నేను నాటిన అవిసె, దాని మీద తీగ. దొడ్డిలోని నీళ్లన్నీ గోడ అడుగున ఉన్న మోరిలోంచి బయటికి పోవాలి. గోడకవతల తుమ్మకంపలు మొలిచిన ఖాళీ జాగా, అటునుంచి మనిషి పోవడానికి దారి లేదు. మోరి పూడితే లోపలినుంచి చెయ్యి పెట్టి తియ్యాల్సిందే.

మూడేళ్లకు తీగ పెంకుల దాకా ఎక్కింది. చిన్న ఆకు, నల్లటి పచ్చ, నోట్లో పెడితే ముక్కు దాకా ఘాటు. పేరంటాలకు వీధిలో ఆడవాళ్లంతా వచ్చి అడిగి తీసుకుపోయేవారు. "కోడలి ఆకు" అనే దానికి పేరు పడింది. మా అత్త రోజుకు పది ఆకులు నమిలేది. కానీ ఎవరైనా "నీ కోడలు తెచ్చిన తీగ మస్తున్నదమ్మా" అంటే మాత్రం మూతి ముడుచుకునేది. "ఆఁ, గదంత మా బాయి నీళ్ల మహిమ" అనేది.

తమలపాకు తీగ దగ్గరికి చెప్పులతో పోకూడదు. పొద్దుగూకాక ఆకు తెంపకూడదు. ఆడవాళ్లు ఆ మూడు రోజులూ దాని దగ్గరికి పోకూడదు, నీడైనా పడకూడదు. ఇది మా అత్త పెట్టిన నియమం కాదు, మా అమ్మా పాటించింది. నేనూ ఎదురడగకుండా పాటించాను. ఆ మూడు రోజులు వెనక వసారా మూలన చాప మీద వేరే కంచం, వేరే చెంబుతో కూర్చునేదాన్ని. నిజం చెప్పాలంటే, ఏడాదంతా నాకు దొరికే సెలవు అదే.

ఆంధ్రప్రదేశ్ అయ్యి నాలుగైదేళ్లయి ఉంటుంది. ఆ శ్రావణంలో ముసురు పట్టింది. మొదటి రెండు రోజులు చెరువులు నిండుతాయని అందరూ సంబరపడ్డారు. నాలుగో రోజుకు సంబరమంతా నీరుగారిపోయింది. బట్టలు ఆరవు. కట్టెలు అంటుకోవు, పొగకు కళ్లు పోతున్నాయి. పప్పు డబ్బాలో చెయ్యి పెడితే ముక్క వాసన. వాగు రోడ్డు మీదికొచ్చి తూప్రాన్ బస్సు ఆగిపోయింది. దొడ్లో నిలబడితే రోజూ కనిపించే చర్చి గోపురం కూడా వానలో కనిపించలేదు. మా ఇంట్లో వాకిలి ఊడ్చే మనిషి వాగు అవతలినుంచి రావాలి, ఆమె రావడం మానేసింది.

నేను మాత్రం గొంగడి నెత్తిన వేసుకుని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి మోరి తీసేదాన్ని. అవిసె ఆకు సన్నగా రాలి, బురదతో కలిసి మోరి నోట్లో ముద్దలా కూర్చునేది. మోచేతి దాకా చెయ్యి పెట్టి లాగితే గడగడమని నీళ్లు పోయేవి. తీగ మొదట్లో మట్టి ఎగదోసి, నీళ్లు పక్కనుంచి పోయేలా చిన్న కాలువ గీసేదాన్ని. మా ఆయన వసారాలో నిలబడి నవ్వేవాడు. "పసిపిల్లకు సుత గింత సేవ జెయ్యరే" అనేవాడు. నవ్వితే నవ్వనీ. ఎనిమిది రోజులు వాన కురిసింది, ఎనిమిది రోజులూ తీగ పచ్చగా ఉంది.

తొమ్మిదో రోజు పొద్దున నాకు ఆ మూడు రోజులు వచ్చాయి. ఇంతకంటే మంచి ముహూర్తం దొరకలేదా అని నా ఒంటిని నేనే తిట్టుకుని, చాప పరుచుకుని మూలన కూర్చున్నాను. ఆ మూలనుంచి చూస్తే తీగ నా ఎదురుగానే. పది అడుగులు, అంతే.

మధ్యాహ్నానికి తీగ మొదట్లో నీళ్లు గుండ్రంగా నిలబడ్డాయి. మోరి పూడింది. "అత్తమ్మా, మోరి పూడింది. జర ఎవరితోనన్న తీయించుండ్రి" అన్నాను. మా అత్తకు మోకాళ్ల నొప్పులు, తను వంగలేదు. గడప మీద కూర్చుని అడకత్తెరతో వక్క కత్తిరిస్తూ, "ఆకుతీగకు నీళ్లు చేదైతయా? వాడొచ్చినంక సూస్తడు తీయ్" అంది.

వాడు అంటే మా ఆయన, తాలూకా కచేరీలో గుమాస్తా. సాయంత్రం తడిసి ముద్దయి వచ్చాడు. "ఇగో, జర మోరిల చెయ్యి వెట్టి గా చెత్త బయటికి గుంజుండ్రి" అని మూలనుంచే బతిమాలాను. ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో ధోతి కుచ్చిళ్లు పట్టుకుని దొడ్లోకి దిగాడు. మోరిలో చెయ్యి పెట్టడానికి రోత. ఒక కట్టె తీసుకుని ఆ చెత్తనంతా గట్టిగా లోపలికి పొడిచాడు. బయటికి లాగమంటే లోపలికి దట్టించాడు మహానుభావుడు! అప్పటిదాకా కాస్తో కూస్తో పోతున్న నీళ్లు కూడా ఆగిపోయాయి.

"అయిపాయె. సాఫ్ జేసిన" అంటూ చేతులు దులుపుకున్నాడు.

"ఏం సాఫ్? నీళ్లు కదుల్తలేవు, చూడుండ్రి!"

"పోతయ్, నిమ్మళంగ పోతయ్. నువ్వు పరేషాన్ గాకు" అని లోపలికి పోయి చాయ తాగుతూ కూర్చున్నాడు.

రెండో రోజుకు తీగ మొదట్లో జానెడు నీళ్లు. ఆకులు వాలిపోయాయి. ఇన్ని నీళ్లుండీ ఆకు వాలిందంటే వేరుకు ఊపిరాడడం లేదని అర్థం. తెలిసినవాళ్లకు తెలుస్తుంది. తెలియని మా ఆయనకు మాత్రం జాలి పుట్టింది. పాపం చలికి ముడుచుకుందనుకుని గోనెపట్టా తెచ్చి తీగ మొదలు చుట్టూ బిగించి కట్టి, దాని మీద పేడా బురదా కలిపి మెత్తాడు. నేను మూలనుంచి గొంతు చించుకున్నాను.

"అది చలి గాదు! దమ్ము ఆడ్తలేదు దానికి! గా గోనె తీయుండ్రి!"

"నువ్వు కూసున్నకాడికెల్లి హుకుంలు జెయ్యకు. నాకు తెల్వదా?" అన్నాడు. పుట్టి బుద్ధెరిగి తులసి మొక్కకు చెంబెడు నీళ్లు పోసిన పాపాన పోలేదు ఆయన. ఆయనకు తెలుసట!

నా అరుపులకు పక్కింటి టీచరమ్మ గోడ మీదినుంచి తొంగి చూసింది. మిషన్ బడిలో చెప్పేది, చర్చి వాళ్లు. "ఏమైంది చెల్లె, పొద్దటి సంది మొత్తుకుంటున్నవ్?" అంది. చెప్పాను. "గంతేనా? బడికి ఎట్లనో వాన సెలవే. నేనొచ్చి తీస్త. చెప్పులు గీడనే ఇడిచొస్త" అంది. నా ప్రాణం లేచి వచ్చింది. అంతలో లోపలినుంచి అత్త గొంతు. "వద్దు టీచరమ్మా, మీకెందుకు తక్లీఫ్. మా కొడుకు చూసుకుంటుండు గద!" ఆమె దిగిపోయాక అత్త నా వైపు తిరిగి గొంతు తగ్గించింది. "వాళ్లు దూరం కూసోరటనే. ఆమె గిప్పుడు ఎట్లున్నదో మనకేం ఎరుక?"

నేను తల బాదుకున్నాను. నిజంగానే బాదుకున్నాను, నుదురు నొప్పి పుట్టేలా.

మూడో రోజు నేను కూర్చోలేకపోయాను. పొద్దంతా వసారాలో ఆ మూలనుంచి ఈ మూలకు తిరిగాను. కింది ఆకులు పసుపు పట్టి ఒకటొకటే నీళ్లలో రాలుతున్నాయి. పది అడుగులు పోవాలి, మోరిలో చెయ్యి పెట్టాలి, ఒక్క గుంజు గుంజాలి. చంటిపిల్ల ఎదురుగా నీళ్లలో పడితే తల్లి మూడు రోజులు లెక్క చూసుకుని కూర్చుంటుందా? వసారా అంచు దిగి ఒక కాలు దొడ్లో పెట్టాను. వాన నీళ్లు చల్లగా పాదం మీద పడ్డాయి.

వెనకనుంచి అత్త అంది. అరవలేదు, మామూలుగానే అంది. "అడుగు వెట్టినవంటే తీగ మాడిపోతది. నీ తల్లి ఇచ్చిన తీగ. ఇగ నీ ఇష్టం."

కాలు వెనక్కి తీసుకున్నాను.

నన్నెవరూ తాడు పెట్టి కట్టెయ్యలేదు. ఎవరూ చెయ్యి పట్టుకుని లాగలేదు. మాడిపోతుందేమో అని నాకే భయం వేసింది. ఆ వాన మీద, మొగుడి మీద, అత్త మీద నాకొచ్చిన కోపమంతా ఒక ఎత్తు, ఆ కాలు వెనక్కి తీసుకున్నందుకు నా మీద నాకున్న కోపం ఒక ఎత్తు. చాప మీద పడి ఏడ్చాను.

నాలుగో రోజు తెల్లవారుతూనే తల మీద చన్నీళ్లు గుమ్మరించుకుని, తడి జుట్టుతోనే పరిగెత్తాను. ముందు మోరి. మా ఆయన దట్టించిన ముద్ద భుజం దాకా చెయ్యి పెడితే గానీ అందలేదు. లాగిన అరగంటకు దొడ్లో నీళ్లన్నీ వెళ్లిపోయాయి. ఇంత పని, ఇంతే పని! తరువాత గోనె విప్పాను. కుళ్లు వాసన గుప్పుమంది. మొదలంతా నల్లగా, ఉడికిన చామకాడలా మెత్తబడి, పట్టుకుంటే చేతిలోకి ఊడి వచ్చింది. పైన బాగున్న కణుపులు ఏరి ఐదు ముక్కలు కోసి కుండలో నాటాను. వారం తిరక్కుండా అవీ నల్లబడ్డాయి.

ఆ నాలుగో రోజు సాయంత్రమే వాన ఆగి ఎండ కాసింది. సిగ్గులేని ఎండ.

అత్త దొడ్లోకి వచ్చి చూసి, "నీ నీడ వడ్డది. ఎదురుంగనే కూసుంటివి గద" అంది. ఆ మూలన చాప వేసుకోమని చెప్పింది తనే. పెళ్లయిన ఇన్నేళ్లలో నేను మొదటిసారి ఎదురు మాట్లాడాను.

"మొగులు వట్టి వాన గొడ్తుంటె నీడ యాడికెల్లి వస్తదత్తమ్మా?"

అత్త గిర్రున తిరిగింది. లోపలికి పోయి వక్కల పెట్టె మూత టప్పున వేసింది. ఆ తరువాత చాలా రోజులు బజారు ఆకు నమిలి, "గడ్డి దిన్నట్టున్నది" అని ఉమ్మేది. నేను విననట్టు నా పని చేసుకునేదాన్ని.

రెండేళ్లయింది. అత్త శంకరంపేట దగ్గర తన తల్లిగారి ఊరికి పోయి, వస్తూ ఒక తీగ ముక్క తెచ్చింది. నడుము పట్టుకుని మూలుగుతూ తనే వంగి, తనే నాటింది. ఆకు కాస్త వెడల్పు, ఘాటు తక్కువ. ఇంటికి ఎవరొచ్చినా దొడ్లోకి తీసుకుపోయి, "నేను వెట్టిన తీగ" అని చూపించేది. నేను దాని జోలికి పోలేదు.

ఆ ఏడు మళ్లీ ముసురు పట్టింది. వారం గడిచింది. నేను మళ్లీ ఆ మూలనే, చాప మీద, రెండో రోజు. మోరి పూడింది. కొత్త తీగ మొదట్లో నీళ్లు గుండ్రంగా నిలబడ్డాయి. చూశాను. ఈసారి నోరు విప్పలేదు. కావాలనే విప్పలేదు. గోడ వైపు తిరిగి కూర్చున్నాను.

అత్త గడప మీద కూర్చుని వానను చూసింది, తీగను చూసింది, లోపల గురక పెడుతున్న కొడుకును చూసింది. అడకత్తెర కింద పెట్టింది.

"ఏమే."

"ఏందత్తమ్మా?"

"పొయ్యి గా మోరి తీసి రా."

నేను ఆమె ముఖంలోకి చూశాను. "నేను దూరమున్న గద."

"ఎరుకే. పో, ఎవరు జూస్తున్నరు? వాడు తీస్తే ఇంకింత పూడ్సి వెడ్తడు."

"మరి మా అమ్మ తీగప్పుడు ఎందుకు పోనియ్యలేదు?"

అత్త మళ్లీ అడకత్తెర అందుకుని వక్క కత్తిరించింది. ఆ మాటలో ద్వేషం లేదు, కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినట్టే చెప్పింది.

"గది నీ తీగ. గిది నాది గదనే."

కదలకుండా కూర్చుందామనుకున్నాను. కూర్చుంటే ఎవరూ నన్ను తప్పు పట్టలేరు, నియమం నా వైపే ఉంది. నీళ్లు చూస్తుండగానే తీగ మొదటి కణుపును ముంచాయి. దానిదేం తప్పు? లేచాను. వసారా దిగాను. ఆ పది అడుగులూ ఏడుస్తూనే నడిచాను, వానలో ఎవరికీ కనపడలేదు. మోచేతి దాకా చెయ్యి పెట్టి ఒక్క గుంజు గుంజాను. నీళ్లు గడగడమని వెళ్లిపోయాయి. అత్త తీగ మొదట్లో నా చేతులతోనే మట్టి ఎగదోసి వచ్చి కూర్చున్నాను.

మరునాడు అత్త దానివే రెండాకులు తెంపుకుని, సున్నం రాసుకుని నమిలింది. ఆ వానాకాలం పోయేసరికి తీగ పెంకుల అంచు దాటి కప్పు మీదికి పాకింది. దానికి ఏమీ కాలేదు.