ఊయల మోసే బరువు

ప్రతి ఉదయం ఊయల ఎక్కే ముందు ఆ ఇద్దరూ బకెట్లలో సగానికే నీళ్లు పోసుకునేవాళ్లు. నిండా పోస్తే గంట మోగుతుంది.

ఊయల అంటే పసిపిల్లలది కాదు. ఎత్తైన ఆఫీసు భవనాలకు బయటివైపు అద్దాలు తుడిచేవాళ్లు నిలబడే ఇనప తొట్టి. పైకప్పు మీది నుంచి రెండు ఉక్కు తాళ్లకు వేలాడుతుంది. ఈ కొసన ఒక మోటారు, ఆ కొసన ఒక మోటారు, ఎవరి మీట వాళ్లది. ఇద్దరూ ఒకేసారి నొక్కితేనే తొట్టి వంకర పోకుండా దిగుతుంది. అందుకని ఒకరు "ఊ" అంటారు, రెండోవాళ్లు "ఊ" అంటారు, అప్పుడు నొక్కుతారు. రోజంతా కథకు ఊ కొడుతున్నట్టే ఉంటుంది. ఇద్దరు మనుషులు, సామాను, రెండు నిండు బకెట్లు. అంతవరకే దాని ఓపిక. అది దాటితే గంట గీపెడుతుంది, మోటార్లు కదలవు.

మోగడానికి కారణం బావ. పనిలో అతన్ని అందరూ బావ అనే అంటారు. అవతలి కొసన నిలబడేది అతని భార్య తమ్ముడు. వాడు పొద్దస్తమానం "బావా, బావా" అని అరిచి ఆ పిలుపును జట్టంతటికీ అంటించాడు. పెళ్లినాటికి బావ వెదురుబద్దలా ఉండేవాడు. తర్వాత ఏడాదికింత చొప్పున ఒళ్లు చేసింది. ఎత్తు మీద పని, చూసేవాళ్లకు గుండెలదిరే పనే కానీ, ఒంటికి మాత్రం ఒకచోట నిలబడి చేతులాడించడమే. పైకి పోవడానికి లిఫ్టు, కిందికి రావడానికి మోటారు, మధ్యలో తీపి టీ, బిస్కెట్లు.

గంట మొదటిసారి మోగిన రోజు బావమరిది పొట్ట పట్టుకుని నవ్వాడు.

"మా అక్క వంట గంట కొట్టిస్తోంది బావా!"

"నోర్ముయ్. నీళ్లు కొంచెం ఒంపు."

నీళ్లు ఒంపారు. గంట ఊరుకుంది. అదే అలవాటయింది. నీళ్లు తక్కువైతే అద్దాల మీద చారలు మిగులుతాయి. కొత్త సూపర్‌వైజర్ వచ్చేదాకా వాటిని ఎవరూ పట్టించుకోలేదు.

ఆమె చారలు చూసింది. పైకప్పు ఎక్కి బకెట్లు చూసింది. నిండా పోయించి, ఇద్దర్నీ తొట్టిలో నిలబెట్టి, గంట మోగేదాకా ఆగింది. మర్నాడే పంపుగదిలోకి ఒక తూకం మిషన్ వచ్చింది. దానితో ఆమెకు కాటా మేడమ్ అనే పేరూ వచ్చింది.

"నూట రెండు," అంది, మిషన్ మీద నిలబడ్డ బావను చూసి. "మీరు తొంభైకి రావాలి. రెండు నెలలు టైమిస్తాను. రాకపోతే మీరు కింద తాడు పట్టుకోండి, పైకి వేరేవాళ్లు వెళ్తారు."

"వేరేవాళ్లంటే ఎవరు మేడమ్?"

"మీ జట్టులో ఇంకెవరున్నారు?"

ఉన్నది తొందర ఒక్కడే. వాడి అసలు పేరు ఎవరికీ పట్టదు. నడుము పట్టీ కొక్కేన్ని తాడుకు తగిలించుకోకముందే తొట్టిలోకి దూకడం, మీట మీద చెయ్యి వేసి తర్వాత "ఊ" అనడం వాడి తీరు. కింద తోకతాడు పట్టుకోవడమే వాడి పని. గాలికి ఊయల ఊగకుండా నేల మీది నుంచి బిగబట్టే తాడు అది. వాడు బావమరిది పక్కన నిలబడితే ఏమవుతుందో బావకు తలుచుకోవాలని కూడా లేదు.

ఇంట్లో చెప్పక తప్పలేదు. భార్య కుట్టుమిషన్ మీద బడిపిల్లల యూనిఫాం కుడుతోంది. కాలు ఆపింది.

"నా తమ్ముణ్ణి ఆ తొందరగాడి పక్కన నిలబెడతారా?"

"నేను నిలబెడతానన్నానా?"

"మరి తగ్గండి."

"తగ్గుతానులే."

"తగ్గుతానులే అని మీరు ఎన్నాళ్లుగా అంటున్నారో నాకు తెలుసు. డాక్టరు చక్కెర జబ్బు అంచు మీద ఉన్నారన్నప్పుడూ అదే మాట. మోకాలు పట్టేసినప్పుడూ అదే మాట. ఈసారి మీ మోకాలు కాదు, నా తమ్ముడు."

ఆ మాట బావ గుండెలో ముల్లులా దిగింది. భయం మంచి గుర్రమే, మొదట్లో బాగా పరిగెత్తింది. లిఫ్టు మానేసి పదహారు అంతస్తులూ మెట్లెక్కడం మొదలుపెట్టాడు. నాలుగో అంతస్తు దగ్గరే ఊపిరి అందేది కాదు. గోడకు ఆనుకుని రొప్పుతుంటే ఆఫీసు మనుషులు తప్పుకుని పోయేవాళ్లు. మధ్యాహ్నం డబ్బాలో అన్నం సగమైంది, టీలో చక్కెర పోయింది. వారంవారం మిషన్ ముల్లు వెనక్కి నడిచింది. బావమరిది పంపుగది తలుపు దగ్గర నిలబడి అంకె వినగానే ఈల వేసేవాడు.

తర్వాత ముల్లు ఆగిపోయింది.

తొంభై మూడు దగ్గర మొండికేసింది. అవే మెట్లు, అదే డబ్బా, అదే అంకె. బావకు ముక్కు మీద కోపం వచ్చింది. ఇంట్లో గ్లాసు చప్పుడైతే అరిచేవాడు. బావమరిది ఈల మానేశాడు. ఒకరోజు పైకప్పు మీద నీళ్ల ట్యాంకు వెనక బావ బిస్కెట్ పొట్లం విప్పుకుంటూ దొరికిపోయాడు.

"ఏం చేస్తున్నావు బావా?"

"పావురాలకు."

"పావురాలు నీ మీసం మీద తింటున్నాయా?"

బావ నవ్వలేదు. పొట్లం నలిపి జేబులో కుక్కుకున్నాడు. గడువు సోమవారం. ఆ సోమవారం ఇక ఎంతో దూరంలో లేదు.

శనివారం సాయంత్రం అతనికి ఆలోచన వచ్చింది. బరువంటే కొవ్వే కానక్కర్లేదు కదా. బకెట్‌లో నీళ్లు ఒంపినట్టే ఒంట్లోంచీ ఒంపేస్తే? ఇన్నాళ్లూ నీళ్లు ఒంపి గంటను మోసం చేసినవాడికి తట్టే ఆలోచనే అది. ఆదివారం ఉదయం ఏదో కొంచెం తిన్నాడు. ఆ తర్వాత అన్నం లేదు, నీళ్లు లేవు. స్వెటర్ మీద రెయిన్‌కోటు తొడుక్కుని ఖాళీ ఆఫీసు భవనం మెట్లు ఎక్కి దిగాడు, మళ్లీ ఎక్కాడు. చెమట బూట్లలోకి కారింది. ఇంటికొచ్చి, బయట తినేశానని భార్యతో చెప్పాడు. ఆమె అతని ఎండిన పెదాలు చూసింది కానీ, అడిగితే అరుస్తాడని ఊరుకుంది.

సోమవారం మిషన్ మీద నిలబడ్డాడు.

"తొంభై," అంది కాటా మేడమ్. ఆమె ముఖంలో మొదటిసారి కొంచెం నవ్వు కనిపించింది. "బకెట్లు నింపుకోండి."

నిండా నింపారు. తొట్టిలో నిలబడ్డారు. గంట మోగలేదు. "ఊ" అన్నాడు బావ. "ఊ!" అన్నాడు బావమరిది, పెళ్లికొడుకు ఊరేగింపులో అరిచినట్టు.

పదకొండో అంతస్తు దగ్గరికి వచ్చేసరికి ఎండ అద్దాల మీద పడింది. ఆ సమయంలో అద్దం పొయ్యిలా ఉంటుంది. ముందు నుంచి వేడి, వీపు మీద వేడి. బావ నాలుక అంగిటికి అంటుకుపోయింది. కళ్ల ముందు తెల్లటి చుక్కలు లేచాయి.

"బావా, అదే అద్దం మూడోసారి తుడుస్తున్నావు."

"మురికి పోలేదు."

"అక్కడ మురికి ఎక్కడుంది?"

బావ బకెట్ వైపు చూస్తున్నాడు. నిండు బకెట్. నీళ్లు అటూ ఇటూ ఊగుతున్నాయి. వంగి, రెండు చేతులూ అందులో ముంచి, దోసిలి నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు.

బావమరిది ఒక్క అంగలో వచ్చి ఆ చేతుల మీద కొట్టాడు. సబ్బునీళ్లు ఇద్దరి ముఖాల మీదా చిందాయి. తొట్టి అదిరింది.

"పిచ్చా నీకు? అది సబ్బు! మందు నీళ్లు!"

"దాహంరా."

"నువ్వు నీళ్లు తాగలేదా పొద్దున్నుంచీ?"

"నిన్నట్నుంచీ."

అంతే అన్నాడు. మోకాళ్లు మడతపడ్డాయి. బావమరిది చంకల కింద చేతులేసి పట్టి తొట్టి అడుగున కూర్చోబెట్టాడు. బావ నడుము కొక్కెం తాడుకు ఉందా లేదా అని ముందు చూశాడు, ఉంది. తర్వాత రెండో మీట వైపు చూశాడు. దాన్ని నొక్కేవాడు కాళ్లు చాపుకుని కూర్చుని, తల వేలాడేసి, గాలి కోసం నోరు తెరుస్తున్నాడు.

ఒక్కడే దింపాలి. తన కొసను మూరెడు దింపాడు. తొట్టి ఏటవాలైంది, బకెట్ జారి బావ కాళ్లను గుద్దింది. బావను దాటి అవతలి కొసకు వెళ్లాడు. అక్కడ మూరెడు దింపాడు. మళ్లీ దాటాడు. దాటిన ప్రతిసారీ తొట్టి ఊగింది. ఎవరూ ఊ అనడం లేదు. గాలి లేచింది. తొట్టి అద్దం నుంచి దూరం జరిగి, తిరిగి వచ్చి అద్దానికి గట్టిగా తగిలింది. లోపల కూర్చున్న ఆఫీసు మనిషి ఒకతను కుర్చీలోంచి లేచి వెనక్కి నడిచాడు.

"తాడు!" అని బావమరిది కిందికి అరిచాడు. తోకతాడు ఎవరి చేతిలో ఉందో అప్పుడు గుర్తొచ్చింది.

కానీ తాడు బిగిసింది. తొందర తాడును నడుముకు ఒక చుట్టు చుట్టుకుని, పూలతొట్టి గట్టుకు కాళ్లు తన్నిపెట్టి, వెనక్కి పడుకున్నట్టుగా ఆనాడు. "జరగండి, జరగండి" అని దారినపోయేవాళ్ల మీద అరుస్తూనే ఉన్నాడు కానీ, తాడు మాత్రం ఒక్క జానెడు కూడా వదల్లేదు. తొట్టి అద్దం పక్కనే నిలిచింది. మూరెడు ఇటు, మూరెడు అటు, నేల తగిలేదాకా.

కింద బావకు నీళ్లు పట్టించారు. కొంచెం కొంచెంగా తాగమంటే వినలేదు, సీసా లాక్కుని తాగాడు, కక్కాడు, మళ్లీ తాగాడు. కాటా మేడమ్ మెట్ల మీద పరుగెత్తి వచ్చింది.

"ఏమైంది?"

"ఎండ దెబ్బ," అన్నాడు బావ, బావమరిది నోరు తెరవకముందే.

బావమరిది అతని వైపు చూడలేదు. "ఎండ కాదు మేడమ్. తూకం కోసం నిన్నట్నుంచి నీళ్లు తాగలేదు. రేపట్నుంచి నా పక్కకు ఇతన్ని పంపకండి."

"ఒరేయ్!"

"తొందరను పంపండి. వాడు తాడు వదల్లేదు."

బావ నేల మీద కూర్చునే వాడి ప్యాంటు అంచు పట్టుకున్నాడు. "నీ కోసమే కదరా ఇదంతా చేసింది!"

"నా కోసమైతే నా పక్కన బతికి ఉండు ముందు," అని బావమరిది కాలు విదిలించుకుని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం బావ ఇంటికొచ్చేసరికే, తమ్ముడు ఫోనులో అంతా చెప్పేశాడని భార్య ముఖమే చెబుతోంది. కంచం పెట్టింది, మామూలుగా పెట్టినంతే.

"ఇప్పుడు ఎవరి కోసం తగ్గాలి?" అని బావ అడిగాడు. మాటలో కసి ఉంది.

"నన్నడక్కండి. నాకు తెలియదు. తినండి."

తిన్నాడు.

మర్నాడు తోకతాడు బావ చేతికి వచ్చింది. మెడ వెనక్కి విరిచి పైకి చూడాలి. తొందర తొట్టిలోకి దిగడం చిన్న బొమ్మలా కనిపించింది. కొక్కెం తగిలించాడో లేదో అంత ఎత్తున తెలియదు.

"కొక్కెం!" అని అరిచాడు.

వినపడలేదు. మళ్లీ అరిచాడు. టీ అమ్మే అతను నవ్వాడు.

"ఇంకెందుకు బావా గొంతు చించుకుంటావు? పైకెక్కేది లేదుగా. ఇదిగో, తిను." బిస్కెట్లు చేతిలో పెట్టాడు.

బావ ఒకటి తిన్నాడు. రెండోది నోటిదాకా తెచ్చి, పైకి చూసి, టీ గ్లాసు పక్కన పెట్టేశాడు. మధ్యాహ్నం తొట్టి పైకి చేరగానే తాడు కట్టేసి భవనంలోకి నడిచాడు. సామాను లిఫ్టు దగ్గర డబ్బాల వరస ఉంది. ఆగే ఓపిక లేక మెట్లెక్కాడు. పైకప్పు చేరి, తొందర నడుము పట్టీ పట్టుకుని లాగాడు, కొక్కెం నాలుక తెరిచి మూసి చూశాడు.

"పట్టీ వదులుగా ఉంది. బిగించు."

"సరే బావా."

"సరే కాదు. నేను చూస్తుండగా బిగించు."

బావమరిది ట్యాంకు నీడలో కూర్చుని డబ్బా తింటూ ఇదంతా చూశాడు. కాసేపయ్యాక, "నీ డబ్బా ఏది?" అన్నాడు.

"కింద ఉంది."

"ఇందులో తిను."

బావ కూర్చోలేదు. "తిననులే, కిందే తింటా," అని దిగిపోయాడు. అలిగాడని ఇద్దరికీ తెలుసు. కానీ మర్నాడు పొద్దున పని మొదలయ్యే ముందు ఎక్కాడు, మధ్యాహ్నం మళ్లీ ఎక్కాడు. ఆ తర్వాతి రోజూ అంతే. ఎందుకు ఎక్కుతున్నావంటే తొందరగాడి కొక్కెం చూడాలనేవాడు. లోపల్లోపల అతను లెక్కపెట్టుకున్నది కూడా అదే, మెట్లు కాదు. తొందర మొదట్లో గొణిగేవాడు, తర్వాత బావ అడుగుల చప్పుడు వినగానే పట్టీ తనే బిగించుకోవడం మొదలుపెట్టాడు. అలా ఎన్ని వారాలు గడిచాయో బావ పట్టించుకోలేదు. నాలుగో అంతస్తు దగ్గర ఆగడం ఎప్పుడు మానేశాడో కూడా అతనికి గుర్తులేదు. ట్యాంకు నీడలో కూర్చుని తినడం మాత్రం ఒక బుధవారం మొదలైంది, ఆ రోజు బావమరిది మూత తీసిన డబ్బాను అతని పక్కకు జరిపాడు.

నెలాఖరున కాటా మేడమ్ పంపుగదిలోకి పిలిచింది. బావమరిది, తొందర తలుపు దగ్గర నిలబడ్డారు.

"ఏం తిన్నారు పొద్దున?"

"అందరూ తినేదే."

ఆమె నీళ్ల సీసా చేతికిచ్చింది. "ముందు ఇది మొత్తం తాగండి. నా ఎదురుగా."

తాగాడు. మూతి తుడుచుకుని మిషన్ మీద నిలబడ్డాడు. ముల్లు అటూ ఇటూ ఊగి ఆగింది.

తొంభై రెండున్నర. ఇంకా రెండున్నర ఎక్కువే, అయినా తలుపు దగ్గర బావమరిది ఈల వేశాడు.