పెళ్లి మైకులో రేడియో మనిషిని వెతికిన మా దస్తగిరి

నిన్న పొద్దున ఫోన్ తెరిస్తే గుడ్ మార్నింగ్ పూల బొమ్మల మధ్యలో ఉంది ఆ మెసేజ్.

జమ్మలమడుగు దస్తగిరి పోయాడని.

ఎవరో ఆటలాడుతున్నారు అనుకున్నాను. వాళ్ల కొడుక్కి ఫోన్ చేసి తిట్టాను కూడా. వాడు ఏడ్చాడు. అప్పుడు నమ్మాను.

ఇదేం పద్ధతి దస్తగిరీ? మొన్న సాయంత్రమే కదా ఫోన్‌లో నాతో పోట్లాడావు.

మధ్యాహ్నం పోయి మట్టి ఇచ్చి వచ్చాను. అప్పటి నుంచి కోపం తగ్గలేదు.

తెలియని వాళ్లకు చెప్తున్నాను. వాడు జమ్మలమడుగులో గడియారాలు బాగు చేసేవాడు. పిచ్చి మాత్రం రేడియో మీద. పాటలు వినే రేడియో కాదు. తంతి ఆఫీసులో లాగా టక్ టక్ అని మీట కొట్టి, ఎక్కడో ఉన్న ఇంకో మనిషితో మాట్లాడే సెట్టు. మద్రాసు పోయి పరీక్ష రాసి పర్మిట్ తెచ్చుకున్నాడు.

సెట్టు పవర్ ఎంతనుకున్నారు? టార్చిలైట్ బల్బు వెలిగేంత. అంతే.

నాదేమో ప్రొద్దుటూరులో మైకు సెట్టు. నేను పాట పెడితే పొలాల్లో ఎద్దులు తల ఎత్తి చూసేవి. మా ఇద్దరికీ స్నేహం ఎట్లా కుదిరిందో ఆ దేవుడికే తెలియాలి.

వాడి బాధ ఒకటే. సెట్టు ఉంది, పర్మిట్ ఉంది, జవాబు ఇచ్చేవాడు లేడు. రోజూ సాయంత్రం మీట కొట్టడం, చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చోవడం.

"బాయిలో రాయేస్తే సప్పుడన్నా వస్తాది మామా. నాకు అది గూడా ల్యా" అనేవాడు.

ఇట్లాంటి వాళ్లకు క్లబ్బులు ఉంటాయని ఎవరో చెప్పారు. మద్రాసులో ఎవరినో అడిగాడు. మీది ఇప్పుడు ఆంధ్ర కదా, మీ రాష్ట్రంలో చూసుకోండి అన్నారు. సరే, అప్పట్లో రాజధాని కర్నూలు కదా అని నన్ను కూడా బస్సెక్కించాడు. అక్కడ ఆఫీసులన్నీ డేరాల్లో. ఒక డేరాలో గుమస్తా అంతా విని, పాటలు వినడానికి లైసెన్సు పోస్టాఫీసులో ఇస్తారు, పోండి అన్నాడు.

"వినేదానికి గాదు సార్, మాట్లాడేదానికి" అన్నాడు దస్తగిరి.

"మాట్లాడేదానికి లైసెన్సు ఎందుకయ్యా?" అన్నాడు ఆయన.

కొన్నాళ్లకు రాజధాని హైదరాబాదు పోయింది. వీడు మళ్లీ సంచి సర్దుతున్నాడు. నాకు ఒళ్లు మండింది.

"నీకు క్లబ్బు కావాల్నా, మనిషి కావాల్నా?"

"మనిషే మామా. క్లబ్బులో అయితే ఉంటారని."

"అయితే గమ్మునుండు. నా మైకులో చెప్తా."

పులివెందులలో పెళ్లి. వాణ్ణి కూడా వెంటబెట్టుకుని పోయాను. పాటకూ పాటకూ మధ్య చెప్పాను. చిన్న పవర్ రేడియో సెట్టుతో మాట్లాడేవాళ్లు ఎవరైనా ఉంటే మైకు దగ్గరికి రావాలి అని.

వచ్చారు. ఒకాయన రేడియోలు ఊరికే ఇస్తారా అని వచ్చాడు. ఇంకొకాయన చెడిపోయిన రేడియో నెత్తిన పెట్టుకుని వచ్చాడు. ఒక ముసలమ్మ బొంబాయిలో ఉన్న కొడుకుతో మాట్లాడించమని దస్తగిరి చెయ్యి పట్టుకుంది.

చివర్లో తొండూరు నరసింహులు వచ్చాడు. మిలిట్రీలో వైర్‌లెస్ పని చేసి ఇంటికి వచ్చిన మనిషి. నా మైకు పెట్టె మీద వేలితో టక్ టక్ కొట్టాడు.

దస్తగిరి ముఖం చూడాలి! వాడూ కొట్టాడు. ఈయన మళ్లీ కొట్టాడు. ఆపితే కదా.

మైకు ఆన్‌లో ఉంది.

పందిరంతా టక టక టక. అయ్యవారి మంత్రం ఎవరికీ వినబడలేదు. పెళ్లికూతురు తండ్రి నా మీదికి వచ్చాడు. "ఏందప్పా, ముహూర్తం టయానికి వడ్రంగి పని పెట్టినావు?"

తిట్లన్నీ నాకు. వాళ్లిద్దరూ తల కూడా ఎత్తలేదు.

"అంతసేపు ఏం మాట్లాడుకున్యారు?" అని తర్వాత అడిగాను.

"యాడి నుంచి అని అడిగితి. తొండూరు అన్న్యాడు."

"ఎదురుగా ఉండాడు గదా, నోటితో అడిగితే ఏం పోయింది?"

"నోటితో ఎవురైనా అడుగుతారు మామా."

ఇట్లాంటి మనిషితో ఇన్నేళ్లు వేగాను.

నరసింహులు కూడా ఒక చిన్న సెట్టు కట్టుకున్నాడు. ఒకరోజు దస్తగిరి బస్సు దిగి పరుగున నా అంగడికి వచ్చాడు. ఎవరో పోయారేమో అనుకున్నాను. "అందింది మామా! తొండూరు నుంచి జవాబు వచ్చినాది!" అని నన్ను పట్టుకుని ఏడ్చాడు. నలుగురూ చూస్తుంటే నాకు సిగ్గేసింది.

ఇంటికి కరెంటు వచ్చాక పెద్ద సెట్టు పెట్టుకోమని ఎన్నిసార్లు చెప్పానో.

"గట్టిగా అరిస్తే అందురూ ఇంటారు. నా కోసం చెవి పెట్టి కూసున్నోడు ఒకడుంటే సాలు" అనేవాడు. మొండి.

నరసింహులు పోయి చాలా ఏళ్లయింది. అయినా వీడు రోజూ సాయంత్రం మీట ముందు కూర్చోవడం మానలేదు. మొన్న పోట్లాట కూడా దాని మీదే. ఫోన్‌లో కొడితే వంద క్లబ్బులు వస్తున్నాయి, చేరి చావు అన్నాను. "అవన్నీ చూసినా. నువ్వు తొండూరులో ఒకన్ని చూపీ" అన్నాడు. ఫోన్ పెట్టేశాను.

నిన్నటి నుంచి వాడి సంగతి విన్న పిల్లలు ఒకటే మెసేజ్‌లు. తాతా ఆయనది ఏ క్లబ్బు, లింక్ పెట్టు అని.

లింకూ లేదు, గింకూ లేదు. క్లబ్బుల్లో చేరండి, వద్దనను. పరీక్ష రాసి పర్మిట్ తెచ్చుకోండి. కానీ ముందు మీ చుట్టుపక్కల ఊళ్లలో మీట కొట్టడం వచ్చిన మనిషి ఒకరున్నారేమో కాళ్లరిగేలా తిరిగి అడగండి. సిగ్గుపడితే దొరకరు.

పోయిరా దస్తగిరీ. ఇంక చాలు, శాంతిగా ఉండు. నువ్వు పోయిన చోట, నీ చిన్న సెట్టుకు అందేంత దగ్గర్లో ఎవరో ఒకరు ఉండాలని ఆ పైవాణ్ణి అడుగుతున్నాను.