సంగ్వాన్ మామ మసాలా మూట

తెల్లవారుజామున ఐదున్నర. సన్నగా వాన. రాత్రి తిన్న జిగురన్నం ఎప్పుడో అరిగిపోయి కడుపు లోపలికి లాగేస్తోంది. ఐస్ బస్తాలు మోసేవాడికి ఆ వేళకి భుజం మొద్దుబారిపోతుంది గానీ ఆకలి మాత్రం మొద్దుబారదు. అలాంటి ప్రతి పొద్దునా ఆఖరి బస్తా దించేసి, మా సందు మలుపులో సంగ్వాన్ మామ బండి ముందు కూలబడేవాణ్ణి.

"ఒరే ఖెన్, ఆ మొహం చూస్తే గిన్నె కూడా నమిలేసేలా ఉన్నావు."

"ముందు చారు పొయ్యి మామా. తిట్లు తర్వాత తింటా."

ఆయనది పడవ నూడుల్స్ బండి. వాళ్ళమ్మ రంగ్‌సిత్ కాలవలో పడవ మీద వండి అమ్మేదట. పడవ ఊగితే ఒలక్కుండా చిన్న గిన్నెలు వాడేది. నేల మీదికొచ్చాక కూడా మామ ఆ చిన్న గిన్నెలు వదల్లేదు. మనిషికి నాలుగైదు లేకపోతే చాలవు. తినేసినవి ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోవడమే. చారు నల్లగా, చిక్కగా, పంది రక్తం కలిపి ఉండేది. నిన్నటి చారు కొంచెం అట్టిపెట్టి దాని మీదే ఇవాళ్టిది కాచేవాడు. కుండ అడుగున ఒక గుడ్డ మూట ఎప్పుడూ ఉడుకుతుండేది. గురువారం పూట ఆ కుండకి ఒక అగరొత్తి వెలిగించి తల్లిని తలుచుకునేవాడు. భార్య పోయింది, పిల్లల్లేరు. గుడి వెనక ఒక గది, ఈ బండి, అంతే ఆయన బతుకు.

మూటలో ఏముందని అడిగితే చెప్పేవాడు కాదు. పైగా గొప్పలు పోయేవాడు.

"మా అమ్మ పడవ మీద రెండు గంజాయి ఆకులు వేసేదిరా చారులో. ఒకసారి తిన్నవాడు పక్క పడవ మొహం చూసేవాడు కాదు."

"మరి నువ్వేం వేస్తున్నావ్ మామా?" అని బైకు టాక్సీ నడిపే తుయ్ అడిగేవాడు.

మామ కన్ను కొట్టేవాడు. "నువ్వు రోజూ పొద్దున్నే ఎందుకొస్తున్నావో నీకు తెలీదా?"

అందరం నవ్వేవాళ్ళం. పడవ నూడుల్స్ అమ్మే ప్రతివాడూ చెప్పుకునే గొప్పే అది. ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు, పచ్చ లైటు దుకాణం వచ్చేదాకా.

దుకాణం సరిగ్గా మామ బండి వెనకాల గదిలో తెరిచారు. అంతకుముందు అక్కడ ఒక దర్జీ ఉండేవాడు. అద్దం తలుపు, గంజాయి ఆకు బొమ్మ, "వైద్యానికి మాత్రమే" అని బోర్డు. గంజాయి అమ్మడానికి సర్కారు అనుమతి ఉందట, డాక్టరు చీటీ ఉంటేనే ఇస్తారన్నారు. నా ఐస్ బండి ఊళ్ళో చాలా సందులు తిరుగుతుంది. ఎత్తు గోడలూ, కాపలా కుక్కలూ ఉన్న వీధుల్లో ఇలాంటి దుకాణం ఒక్కటీ చూడలేదు. అన్నీ మాలాంటి సందుల్లోనే. రైలు స్టేషనుకి నడిచి వచ్చేంత దూరం, అద్దె తక్కువ, అడిగేవాడు లేడు. ఆ గదీ, మామ బండి ఆనించుకునే గోడా, ఆయన నీళ్ళు పట్టుకునే కుళాయీ అన్నీ పక్కన కిరాణా కొట్టు నడిపే హువై అక్కవే.

"దుకాణం ఎవరికిచ్చావక్కా?" అని ఐస్ దించుతూ అడిగాను.

"కంపెనీకి."

"ఏ కంపెనీ?"

"కంపెనీ అంటే కంపెనీ. నువ్వు ఐస్ మోస్తావా, అద్దెలు వసూలు చేస్తావా?"

అప్పట్నించి సందులో మాటలు తగ్గి చూపులు ఎక్కువయ్యాయి. ఎవరు లోపలికెళ్ళారు, ఎంతసేపున్నారు, ఏ జేబు ఉబ్బింది అని అందరికీ అదే పని. దుకాణంలో కూర్చునే పిల్ల పేరు మూక్. ముక్కుకి పోగు, మాట మెత్తన. మధ్యాహ్నం బయటికొచ్చి మామ దగ్గరే నూడుల్స్ తినేది. ఆయన ఆ పిల్లకి రెండు మాంసం ఉండలు ఎక్కువ వేసేవాడు. అది కూడా అందరూ చూశారు.

ఒకరోజు హువై అక్క మొగుడు మెంగ్ అన్న మామ దగ్గర కడుపు నిండా తిని, కొట్టు ముందు కుర్చీలో నిద్రపోయాడు. నిద్రలో నవ్వాడు. అదే మొదలు.

"మా ఆయన పెళ్ళయినప్పట్నించీ నిద్రలో నవ్వలేదు. ఏం పెట్టావు సంగ్వాన్?" అని అక్క బండి మీదికొచ్చింది.

"ఏడు గిన్నెలు పెట్టాను. ఏడు గిన్నెలు తింటే ఎద్దయినా నిద్రపోతుంది."

"నవ్వుతుందా?"

"నువ్వు నిద్రలేపట్లేదని నవ్వాడేమో!"

జనం గొల్లుమన్నారు. అక్క నవ్వలేదు. సాయంత్రానికి సందంతా ఆ పాత గొప్ప గుర్తుచేసుకుంది. వాళ్ళమ్మ వేసేదని ఆయనే చెప్పాడు కదా, ఇప్పుడు ఆకు వీపు వెనకాలే దొరుకుతోంది కదా అన్నారు. పొద్దున్నే తినే కార్మికులు పలచబడ్డారు. ఫ్యాక్టరీలో మూత్రం పరీక్ష చేస్తారని ఇద్దరు మానేశారు. నేనూ గిన్నె ఎత్తేముందు ఒకసారి వాసన చూడ్డం మొదలుపెట్టాను. మామ అది చూశాడు.

చివరికి అక్క తేల్చి చెప్పింది. "ఆదివారం పొద్దున అందరి ముందూ ఆ మూట విప్పు. లేకపోతే నా గోడ, నా కుళాయి వదిలేయ్."

"ఆ మూట మా అమ్మది."

"అమ్మ పోయి ఎన్నేళ్ళయింది! గోడ మాత్రం నాదే."

ఆ మలుపు పోతే ఆయనకి ఇంకో చోటు లేదు. పెద్ద రోడ్డు మీద బండి పెడితే మునిసిపాలిటీ వాళ్ళు ఎత్తుకుపోతారు. ఆదివారం మామ కుండలోంచి మూట తీసి, పళ్ళెంలో పెట్టి విప్పాడు. అల్లంలాంటి దుంపరాష్ట్రం, దాల్చినచెక్క, అనాసపువ్వు, కొత్తిమీర వేళ్ళు కనబడ్డాయి. వాటి మధ్య ఉడికి ఉడికి నల్లటి ముద్దయిపోయిన ఆకులు.

"ఇదేంటి?" అంది అక్క.

"మసాలా ఆకు."

"ఎలా నమ్మాలి?"

సందులో ఎవడూ చెప్పలేకపోయాడు. ఆ ముద్ద ఏ ఆకైనా కావచ్చు. ఆకు తెలిసిన మనిషి ఒక్కర్తే ఉంది. మూక్‌ని పిలిచారు. ఆ పిల్ల వేళ్ళతో నలిపి, వాసన చూసి తల అడ్డంగా ఊపింది.

"మా సరుకు కాదు. కూరల్లో వేసే ఆకే."

తుయ్ పళ్ళికిలించాడు. "అమ్మేదానివి నువ్వు, తినేదానివి నువ్వు, కాదనేదీ నువ్వేనా చెల్లీ? ఆ రెండు ఉండల రుణమా?"

మూక్ మొహం కందిపోయింది. లోపలికెళ్ళి అద్దం తలుపు వేసుకుంది. మామ మాత్రం అందరి మొహాలూ ఒక్కొక్కటే చూశాడు. నా మొహం దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాడనిపించింది.

"సరే, రేపట్నించి మూట లేకుండా కాచు. అప్పుడు ఎవరికీ బాధ లేదు," అంది అక్క, ఏదో వరమిచ్చినట్టు.

కాచాడు. పాత చారు కలపకుండా, ఉత్త కొత్త నీళ్ళతో. చారు చప్పగా, ఉత్త ఉప్పు నీళ్ళలా ఉంది. తుయ్ ఒక గిన్నె తిని రెండోది వద్దన్నాడు.

"చూశారా? మూట తీస్తే రుచి పోయింది. అంటే అందులో ఏదో ఉన్నట్టే కదా!"

అందరూ అవునన్నారు. నాక్కూడా ఒక్క క్షణం అది నిజమేననిపించింది. మూటలో ఉన్నది మసాలా కదా, తీస్తే రుచి పోక ఏమవుతుందని తర్వాత తట్టింది. అప్పటికి మామ గరిటె కడుగుతున్నాడు. జోకు లేదు, తిట్టు లేదు. మిగిలిన చారంతా కాలవలో పారబోసి కుండ బోర్లించాడు. ఆ కుండ ఖాళీగా ఉండగా నేను చూడ్డం అదే మొదటిసారి.

మర్నాడు బస్తా భుజం మీద పెట్టుకుని మలుపు తిరిగాను. బండి లేదు. గుడి వెనక గదికి వెళ్ళి చూశాను. తాళం కూడా లేదు, తలుపు తీసే ఉంది, లోపల చాప కూడా లేదు. పక్కింటివాళ్ళకి చెప్పలేదు, ఇంటాయనకి చెప్పలేదు, నాకూ చెప్పలేదు.

తిరిగి వచ్చేసరికి బండి ఉన్న చోటు నీళ్ళు కొట్టి కడిగేసి ఉంది. ఇద్దరు కొత్తవాళ్ళు టేపు పెట్టి గోడ కొలుస్తున్నారు. దుకాణానికి డాక్టరు చీటీతో వచ్చేవాళ్ళు కూర్చోవడానికి బెంచీలట. హువై అక్క చీపురు పట్టుకుని వాళ్ళ పక్కనే నిలబడింది. నేను బస్తా దించాను, అంతే.

"నేనేం పొమ్మన్లేదు," అంది అక్క నా వైపు చూడకుండా. "వాడే పోయాడు."