అమ్మవారికి నా కళ్ళు

మా చిన్నప్పుడు... నర్సీపట్నంలో మా వీధి చివరి గుడి గోడ మీద అమ్మవారి బొమ్మ వేయడానికి మా మావయ్య వచ్చాడు. అమ్మకు తమ్ముడు. సినిమా బోర్డులు, కొట్ల పేర్లు రాసేవాడు. అమ్మవారిని వేయడం అదే మొదటిసారి.

అమ్మవారి పండగ వారంలోకి వచ్చేసింది. వైశాఖం ఎండలు... పొద్దున్నే తడి తువ్వాలు తలకు చుట్టుకుని నిచ్చెనెక్కాడు. కొబ్బరి చిప్పల్లో రంగులు. బొగ్గుతో గీసిన అమ్మవారికి అన్నీ ఉన్నాయి, ముఖం తప్ప.

"ఒలే పెద్దగుంటా, ఇలగొచ్చి కూకో. అమ్మోరికి నీ మొకమే ఎడతాను" అన్నాడు.

నాకు పదకొండేళ్ళు. ముగ్గురు ఆడపిల్లల్లో పెద్దదాన్ని, అందుకే మావయ్యకు 'పెద్దగుంట'ని. అప్పటిదాకా నా ముఖం గురించి ఎవరూ ఒక్క మంచి మాట అనలేదు.

మా రెండోది ఊరుకుంటుందా... "అక్క మొకమైతే జనాలు దండం ఎట్టరు మావయ్యా, పారిపోతారు!"

"నోర్ముయ్యే. దీని కళ్ళు సూడు... ఏటడిగినా ఇచ్చీసేలాగున్నాయి."

ఆ ఒక్క మాటకు నేను రోజంతా ఎండలో కూర్చున్నాను.

అమ్మ తలంటు పోసి పంపింది. "కళ్ళు దిద్దేదాకా మంచినీల్లు కూడా ముట్టకు" అంది. అమ్మవారికి కళ్ళు ఆఖర్న దిద్దుతారు. దిద్దాక ఇక అది బొమ్మ కాదు, అమ్మవారే... చెరపకూడదు. ఈ సంగతి మాకు చెప్పింది మావయ్యే.

మధ్యాహ్నానికి గోడ పెనంలా కాలింది. కుంచె మీదే రంగు ఎండిపోతుంటే కిరసనాయిల్లో ముంచి మళ్ళీ అందుకునేవాడు. "కదలకు... గెడ్డం పైకెత్తు..." అంతే మాటలు. నా నాలుక పిడచకట్టుకుపోయింది. చెల్లెళ్ళు ఆయనకు మజ్జిగ తెచ్చి నా ముందు నుంచే పట్టుకెళ్ళారు. నేను లోపల అమ్మవారి పేరు అనుకుంటూ కూర్చున్నాను.

పొద్దు వాలి, చెల్లెళ్ళు ఇంటికెళ్ళిపోయాక కళ్ళు దిద్దాడు. గోడ మీద నుంచి నేనే నన్ను చూస్తున్నాను. లేచి దండం పెట్టి మళ్ళీ కూర్చున్నాను.

అప్పుడే స్కూటరు ఆగింది. బొమ్మకు రంగులు ఇప్పించిన బెల్లం వ్యాపారి. గోడ వంక చాలాసేపు చూశాడు.

"ఎవరిదయ్యా ఈ మొకం?"

నేను లేచి నిలబడ్డాను. మావయ్య చెబుతాడని...

"ఎవరిదీ కాదు బాబూ. ఊహకొచ్చింది, ఏసీసాను."

"మరీ వీధిలో గుంటలాగుందయ్యా. మా అమ్మాయి ఫోటో ఇస్తాను, అలగ ఎయ్యి. బేగి కానీ, పండగొచ్చీసింది."

"అలాగే బాబూ."

కిరసనాయిల్ గుడ్డతో ముందు కళ్ళే తుడిచాడు. ఒక్కసారైనా నా వైపు తిరగలేదు.

ఇంటికి వెళ్ళాక "అయిపోయిందా?" అంది అమ్మ. అయిపోయిందన్నాను. ఆ పూట మావయ్యకు అన్నం నేనే వడ్డించాను. "పప్పు బాగుందే" అన్నాడు. అంతే.

చేతిలో పని పోతుందని భయపడ్డాడు, పాపం. అది నాకు ఎప్పుడో అర్థమైంది. చెరపడాన్ని క్షమించాను. కానీ "ఎవరిదీ కాదు" అన్న మాట... దీపం పెట్టేటప్పుడల్లా అమ్మవారిని అడుగుతూనే ఉన్నాను, అదొక్కటీ నా మనసులోంచి తీసెయ్యమని. ఇంకా తియ్యలేదు.

పోయినేడు మావయ్య మా ఇంటికి వచ్చాడు. ఎనభై దగ్గర పడ్డాయి. ఇన్నేళ్ళకు అడిగాను. "గుడి గోడ మీద ముందు నా మొకమేసి చెరిపీసావు, గుర్తుందా మావయ్యా?"

"నీ మొకమా? ఎప్పుడే?" నవ్వాడు. "కలొచ్చుంటాది నీకు."

మరిచిపోయాడో, మరిచినట్టు ఉన్నాడో... నాకు తెలియలేదు.

ఇప్పుడా గోడకు టైల్సు. వాటి మీద అచ్చు వేసిన అమ్మవారు. పండగ ఫ్లెక్సీలు అరగంటలో వచ్చేస్తాయి, ఎవరూ ఎండలో నిచ్చెనెక్కక్కర్లేదు. వీధి పిల్లలు గుడి ముందు నిలబడి సెల్ఫీలు తీసుకుంటారు. నచ్చకపోతే వాళ్ళే తీసేసి, మళ్ళీ వాళ్ళే తీసుకుంటారు. చూస్తే ముచ్చటేస్తుంది... తమ ముఖం తమదేనని చెప్పడానికి వాళ్ళకు ఇంకొకరి నోరు అక్కర్లేదు.

మీకూ అలాంటి రోజు ఒకటుంటే కింద రాయండి. సాక్ష్యం లేకపోయినా ఫరవాలేదు... నేను నమ్ముతాను.