బామ్మర్ది పట్టే తాడు

తిన్న అన్నం మీద ఒట్టు, నడిపే జీపు స్టీరింగు మీద ఒట్టు. ఇందులో ప్రతి అక్షరమూ నిజం. ఖిల్లా ఘణపూర్ కోట కింద ఏడేనుగులు పట్టే సొరంగం ఉందని చెప్పి, ఒక పెళ్లివారినందరినీ నడి ఎండలో కొండెక్కించింది నేనే. ఒప్పుకుంటాను. ఇది మాత్రం ఆ రకం కాదు.

నల్లమల లోపలి చెంచు గూడేలకు బియ్యం, ఉప్పు, నూనె చేరవేయడం నా పని. అందులో ఒక గూడెంలో తేనె తీసే మనిషి నాకు దోస్తు. అక్కడ తేనె తీయడమంటే చెట్టెక్కడం కాదు. లోయ మీదికి వంగిన బండకు తేనెపట్లు వేలాడుతుంటాయి. అడవితీగలతో పేనిన తాడు పట్టుకొని పైనుంచి వాటి దాకా దిగాలి. పైన తాడు కాచేది భార్య తోడబుట్టినవాడే. తన అన్నదమ్ములకైనా ఆ తాడు అప్పగించరు. వాళ్లు ఏమరుపాటున వదిలినా వదులుతారు. బామ్మర్ది వదలడు, వదిలితే ఆగమయ్యేది తన అక్క బతుకు.

పోయిన ఏడాది ఆ బామ్మర్ది, పులుల కోసం అడవి ఖాళీ చేస్తానని సర్కారు కాగితం మీద సంతకం పెట్టి అడవి దాటాడు. బయట ఇల్లు ఇచ్చారు, పిల్లలకు బడి ఉంది, దవాఖాన దగ్గర. తప్పు పట్టడానికేముంది? కాకపోతే అక్కకు ఉన్నది ఆ ఒక్క తమ్ముడే.

ఈ ఎండాకాలం పట్లు నిండాయి. దోస్తు నా జీపు దగ్గరికొచ్చాడు. "అన్నా, వాన్ని జర ఒక్క దినానికి తోల్కరా. పొద్దుగూకకముందే మళ్ల దించేద్దువు."

వెళ్లాను. బామ్మర్ది ఇంటి గోడకు సున్నం వేస్తున్నాడు. సంగతి వినగానే బకెట్టు అక్కడే వదిలి జీపెక్కాడు. "బావ ఒక్కడే దిగుతడేమోనని పరేషాన్ల ఉన్ననే" అన్నాడు.

అడవి గేటు దగ్గర కాపలాదారు ఆపాడు. నా జీపుకు లోపలికి పోయే చీటీ ఉంది. బామ్మర్ది పేరు మాత్రం గూడెం లిస్టులోంచి కొట్టేశారు.

"నేను పుట్టిందే ఆడ సార్."

"నాకు తెల్వదా? నీ పెండ్లిల నేను తిన్లేదా? లిస్టుల పేరు లేకపాయె, నేనేం జెయ్యాలె?"

ఇక నా నోరు ఎందుకుంది? అక్కకు కాన్పు కష్టమైందన్నాను. ఈ తమ్ముడు తలమీద చెయ్యి పెడితే తప్ప బిడ్డ బయటికి రానంటోందన్నాను. కాపలాదారు కడుపు పట్టుకొని నవ్వాడు. చాయ్ తాగించాడు. "ఇంగొకటి చెప్పే" అన్నాడు. ఇంకొకటి చెప్పాను. మూడోదీ చెప్పాను. గేటు మాత్రం లేవలేదు.

బామ్మర్ది పక్కనున్న రాయి మీద కూలబడ్డాడు. "నువ్వు పోన్నా. బావను దిగొద్దను. నా మీద ఒట్టని చెప్పు."

గూడెంలో దోస్తు, అతని భార్య నా పక్క ఖాళీ సీటు చూశారు. నేనే నోరు తెరిచాను.

"తాడు నేను పడ్త."

"నువ్వా?" అంది ఆమె.

"రోజూ అన్నా అనే పిలుస్తవు గద చెల్లె. అన్నంటే తోడబుట్టినోడే."

"బస్సు కండక్టర్‌ను గూడ అన్నా అనే పిలుస్త. ఆయన చేతికిస్తనా నా మొగని పానం?"

దోస్తు నవ్వాడు.  ఆఖరికి ఆమె "సరే, పట్టు" అంది. పట్టాను. అరచేతులు చీరుకుపోయాయి, తేనెటీగలు నా మీసం మీద బారులు తీరాయి. కదిలితే ఒట్టు! రెండు డబ్బాల తేనె పైకి వచ్చింది. దోస్తు చిరునవ్వుతో పైకి వచ్చాడు.

ఇక ఒట్టు తీసి గట్టున పెడుతున్నాను. ఆమె "పట్టు" అనలేదు. నేను ఆ తాడు ముట్టుకోలేదు. గేటు నిజం, చాయ్ నిజం, కండక్టర్ మాటా నిజమే. ఆ తర్వాతిదంతా నా కల్పన. దోస్తు నవ్విన మాట నిజమేగానీ, ఆ వెంటనే తాడు చుట్టచుట్టి గుడిసెలోకి తీసుకుపోయాడు. ఆమె కూడా లోపలికి పోయింది. నేను బియ్యం బస్తాలు దించి తిరిగొచ్చాను.

గేటు దగ్గర బామ్మర్ది ఇంకా ఆ రాయి మీదే ఉన్నాడు.

"దిగిండా?"

"దిగలే."

రాయి మీంచి లేచి జీపు దగ్గరికొచ్చాడు.

"నిజమేనా అన్నా? ఇది గూడ గట్లనే చెప్తున్నవా?"