తండ్రి ఇఖామా నంబరు

జెద్దాలో నేను పనిచేసే భారతీయ బడికి రెండు భవనాలు. మగపిల్లలది ఒకటి, ఆడపిల్లలది ఇంకొకటి. పెద్ద లైబ్రరీ మగపిల్లల వైపు ఉంది. ఆడపిల్లల వైపు లైబ్రేరియన్‌ని నేను. నాకు అప్పగించింది కిటికీ లేని ఒక గది, రెండు బీరువాలు. మా పిల్లలు ఆ బీరువాల్లోవన్నీ ఎప్పుడో నమిలి మింగేశారు. పెద్ద లైబ్రరీకి తీసుకెళతానంటే, అక్కడ మగ స్టాఫ్ ఉంటారు, కుదరదన్నారు. సరే, పిల్లలు వెళ్లకూడదు. పుస్తకాలు రావడానికేం అడ్డం?

ఆ ఉక్రోషంలోంచే వెబ్‌సైట్ ఆలోచన పుట్టింది. రెండు వైపుల పుస్తకాలూ అందరికీ తెర మీద కనబడాలి. పిల్ల లాగిన్ అయి తనకు కావలసినది అడగాలి. మర్నాడు బడి బస్సులో అది మా వైపు రావాలి. చార్టు పేపరు మీద గీసి, బడి నడిపే కమిటీ వాళ్లకు చూపించాను. భేష్ అన్నారు. ఆ తర్వాత మొదటి పేజీలో ఎవరి ఫోటో ఉండాలన్న దాని మీద సమావేశాల మీద సమావేశాలు పెట్టారు. చైర్మన్ గారి సందేశం, ప్రిన్సిపాల్ గారి సందేశం పైకెక్కాయి, పుస్తకాలు అట్టడుక్కి జారాయి. చైర్మన్ గారి చేతిలో పుస్తకం నేను మొదటిసారి చూసింది ఆ ఫోటోలోనే.

అక్కడికీ పళ్లు బిగబట్టి ఊరుకున్నాను. అసలు మంట లాగిన్ దగ్గర మొదలైంది. అది ముందుగా అడిగేది తండ్రి ఇఖామా నంబరు. ఈ దేశంలో ఉండటానికి సర్కారు ఇచ్చే ఇఖామా కార్డు లేకపోతే ఫోన్ సిమ్ కూడా ఇవ్వరు, ఒప్పుకుంటాను. చదువుకునే పుస్తకానికి కూడా తండ్రి కార్డేనా?

ఎనిమిదో తరగతిలో ఒక పిల్ల ఉంది. తల్లి ఇక్కడ ఆసుపత్రిలో నర్సు, పిల్ల ఇఖామా తల్లి మీదే ఉంది. తండ్రి ప్రొద్దుటూరులో మందుల షాపు నడుపుతాడు, సౌదీ మొహమే చూడలేదు. ఈ పిల్లకు నక్షత్రాల పిచ్చి. మగపిల్లల వైపు ఆకాశ పటాలున్న పెద్ద పుస్తకం ఉందని సైట్‌లో కనిపెట్టింది. సైన్సు ప్రదర్శనకు దానితోనే ప్రాజెక్టు చేస్తానని కూర్చుంది. తల్లి నంబరు కొడితే ఎర్ర అక్షరాలు వచ్చాయి, తండ్రి నంబరు ఇవ్వమని.

సైట్ తయారుచేసిన హైదరాబాదీ కుర్రాణ్ణి నిలదీశాను. "నేనేం జెయ్యాలె మేడం? ఆఫీసుల డేటా మొత్తం ఫాదర్ ఇఖామా మీదనే ఉన్నది. కమిటీ చెప్తె మారుస్త," అన్నాడు.

కమిటీలో భీమవరం ఆయనొకరున్నారు. ఆయన దగ్గరికెళ్లాను. "ఎందుకండీ ఇంత రాద్ధాంతం? తెలిసిన అంకుల్ నంబరొకటి కొట్టించెయ్యండి. మనవాళ్లందరూ అలాగే నడిపించేస్తున్నారు కదండీ," అన్నారు.

నిజమే. ఇక్కడ మనవాళ్లకు ఒకరి పేరు మీద సిమ్, ఇంకొకరి పేరు మీద ఇల్లు ఉంటాయి. సర్దుకుపోవడం ఎంత ఒంటబట్టిందంటే, తండ్రిని కూడా అరువు తెచ్చుకోమని చెప్పడానికి ఆయనకు నోరు తడబడలేదు. అప్పటికే ఆ తల్లి కూడా పక్కింటాయన నంబరు రాసి కూతురికిచ్చి పంపిందట.

"నేను కొట్టలే మేడం," అంది పిల్ల. "ఆయన మా నాయన కాదు గదా."

ఆ మాట విన్నాక నాకు ఒళ్లు మండిపోయింది. సైన్సు ప్రదర్శన దగ్గరపడుతోంది. పిలవకుండానే కమిటీ సమావేశానికి వెళ్లాను. "ఫీజు కట్టించుకునేటప్పుడు ఆ తల్లిని తండ్రేడని అడిగారా? పుస్తకం దగ్గరే గుర్తొచ్చాడా?" అని అడిగేశాను. గొంతు పెరిగింది. పెరగనీ. చైర్మన్ గారు ఫోన్‌లోంచి తలెత్తి, మార్చెయ్యండి, పోతుంది అన్నారు. కంప్యూటర్ కుర్రాడు అక్కడే కూర్చుని, తన ముందున్న చాయ్ చల్లారేలోగా లాగిన్‌లో తల్లి నంబరు కూడా చెల్లేలా మార్చేశాడు. ఇన్నాళ్లూ ఆగిన పని అది!

మర్నాడు బస్సులో పుస్తకం వచ్చింది. పిల్ల దాన్ని రెండు చేతులా హత్తుకుని, బ్యాగులో పట్టకపోతే అలాగే మోసుకుంటూ గేటు దగ్గరికి నడిచింది. నేనూ వెంట వెళ్లాను.

తల్లి అప్పటికే వచ్చి నిలబడి ఉంది. ఫోన్ నా చేతికిచ్చి నవ్వింది. సైట్ నుంచి మెసేజ్ వచ్చింది. గౌరవనీయులైన తండ్రి గారికి, మీ కుమార్తె మా లైబ్రరీ నుంచి పుస్తకం తీసుకున్నారు, అని.

"పోనీలే మేడం, బుక్కు వచ్చె గదా," అంది.

నాకు నవ్వు రాలేదు. రాత్రంతా డ్యూటీ చేసి, కునుకైనా తీయకుండా బిడ్డ కోసం వచ్చిన మనిషి. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఫోన్ ఆమెది, ఇఖామా ఆమెది, ఆ బిడ్డను ఈ దేశంలో నిలబెట్టిన ఉద్యోగం ఆమెది. మెసేజ్ మాత్రం ప్రొద్దుటూరులో ఉన్న మనిషికి.